నాలుగు మాటలకు తక్కువైతే

మార్చి 3

వదినకి,

ఈ ఉత్తరం ఇంటికి కాకుండా నీ ల్యాబు చిరునామాకి పంపుతున్నాను. ఇంటికి పంపితే అన్నయ్య కంట పడుతుంది. ఫోన్ చేద్దామంటే నువ్వు స్పీకరు పెడతావు, నేను గొంతు పెంచుతాను, అన్నయ్య వింటాడు. పోనీ నీ బ్లాగులోనే కామెంటు పెడదామంటే దానికి పట్టిన గతి చూశాను. అందుకే కాగితం. దీన్ని డబ్బాలో వెయ్యడానికి ఎవరి ఆమోదమూ అక్కర్లేదు.

నిన్న నువ్వు అన్నయ్య బూట్ల లేసుల గురించి రాసింది చదివాను. రోజూ పొద్దున్న ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని లేసులు కట్టడం, ఆయన నీ తల మీద చెయ్యి వెయ్యడం, నీ కళ్ళు చెమర్చడం. కింద జనం ఒకటే పొగడ్త. నువ్వు దేవతవట. నీలాంటి భార్య దొరకడం ఆయన అదృష్టమట. చదువుతుంటే ఒళ్ళు మండిపోయింది. ఆయన ఎవరనుకున్నావు? ఈ ఊళ్ళో సగంమందికి డ్రైవింగ్ నేర్పినవాడు. పక్క సీట్లో కూర్చుని, ఎంత గొప్పవాడైనా సరే, క్లచ్ తప్పు తొక్కితే ముఖాన అరిచినవాడు. పక్షవాతం వచ్చి మాట పడిపోయింది గానీ మనిషి పోలేదు. అలాంటివాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, కాలు చాపించి, ప్రపంచానికి చూపిస్తావా?

అందుకే అడిగాను. "ఇది రాసేముందు మా అన్నయ్యని ఒక్క మాట అడిగావా" అని. అంతే. తిట్టలేదు. కాస్త గట్టిగా అడిగాను, నిజమే. పంపాను. మళ్ళీ తెరిచి చూస్తే లేదు! ఇంకోసారి పంపాను. అదీ లేదు!

నేను నీళ్ళ ఆఫీసులో ఫిర్యాదుల కౌంటరులో కూర్చుంటాను. రోజంతా జనం చేత తిట్లు తింటాను. కుళాయిలో బురద వస్తోందని ఎవడైనా సీసా తెచ్చి నా బల్ల మీద పెడితే, నాకు నచ్చినా నచ్చకపోయినా తీసుకుని రసీదు ఇస్తాను. పనవుతుందా లేదా అన్నది వేరే సంగతి, కానీ తీసుకున్నామని ఒక ముక్క ఇస్తాం. నీ బ్లాగులో ఆపాటి మర్యాద కూడా లేదు. సొంత ఆడపడుచు నోరు నొక్కేసి, ఎవరో తెలియనివాళ్ళ చేత దేవత అనిపించుకుంటున్నావు. కానియ్యి.

పేచీ
(అన్నయ్య ఊరికే పెట్టలేదు నాకా పేరు)


మార్చి 9

పేచీకి,

నీ ఉత్తరం ల్యాబులో అందరి ముందూ ఇచ్చారు. కవరు మీద నీ రాత చూసి ఎవరికో ఏదో అయిందనుకున్నాను. చేతులకున్న పళ్ళ అచ్చుల ప్లాస్టరు కడుక్కోకుండానే చింపాను. తీరా చూస్తే ఇదీ సంగతి.

ముందు ఒకటి తేల్చుకుందాం. నీ కామెంటు నేను తీయలేదు. నేను చూడనే లేదు. గేటు తీసింది.

గేటు అంటే ఏమిటో చెప్తాను, కోపం పక్కన పెట్టి విను. ఇళ్ళల్లో ఇలాంటి మనిషిని చూసుకుంటూ రాసేవాళ్ళం కొంతమందిమి ఉన్నాం. మందుల షాపావిడ వాళ్ళమ్మ గురించి రాస్తుంది. భూగోళం మాస్టారు రిటైరై భార్య గురించి రాస్తారు. బేకరీ ఆయన వాళ్ళ తమ్ముడి గురించి. ఇదివరకు ఏమయ్యేదంటే, నా బ్లాగులో ఎవరో ఒక ప్రశ్న అడిగేవారు, దానికి జవాబు బేకరీ ఆయన బ్లాగులో ఉండేది, దాని మీద గొడవ మందుల షాపావిడ దగ్గర జరిగేది. అడిగినవాళ్ళకి జవాబు చేరేది కాదు. పైగా "సూపర్", "బాగుంది", "నమస్కారం" అంటూ కుప్పలు తెప్పలుగా వచ్చేవి. మంచం మీద పుళ్ళు పడితే ఏం చెయ్యాలని అడిగిన తల్లి ఆ కుప్ప కింద పడి కనబడకుండా పోయింది. వారం తర్వాత చూశాను నేను. ఎంత ఏడ్చానో నీకు తెలీదు.

అందుకని అన్ని బ్లాగుల కామెంట్లూ ఒకదానికొకటి ముడిపెట్టాం. ఎక్కడ రాసినా ఆ విషయం మీద రాసినవన్నీ అందరి దగ్గరా కనిపిస్తాయి. దానికి ఒక ఉమ్మడి గేటు, భూగోళం మాస్టారొక్కరే అందులో చేరనన్నారు. మందుల షాపావిడ తయారు చేసింది. నాలుగు మాటల కన్నా తక్కువుంటే చెత్తబుట్టలోకి. ఆశ్చర్యార్థకాలు మరీ ఎక్కువుంటే చెత్తబుట్టలోకి. నువ్వెన్ని పెట్టావో గుర్తు చేసుకో. మామూలు వాక్యానికే నువ్వు గుప్పెడు పెడతావు.

ఇక "అడిగావా" అన్నావు. మాట రాని మనిషిని ఏమని అడగను? "ఊఁ" అంటే అవుననా, కాదనా? ఏడాది దాటింది. స్నానం నేను, మందులు నేను, పొద్దున్నే ఆయాకి అన్నీ అప్పజెప్పి ల్యాబుకి పరుగు నేను. ఇక్కడ రోజంతా పరాయివాళ్ళ పళ్ళ సెట్లు అరగదీస్తూ కూర్చుంటాను. నిన్న ఒకాయన కట్టుడు పళ్ళలో కూడా తన పాత సందే కావాలని పేచీ పెట్టాడు, నువ్వు గుర్తొచ్చావు. ఇదంతా అయ్యాక నాకంటూ ఉన్నది ఆ బ్లాగొక్కటే. అక్కడ ఎవరైనా ఒక మంచి మాట అంటే నీకెందుకంత కడుపుమంట? నువ్వు వచ్చి మీ అన్నయ్యని చూసి ఎన్నాళ్ళయింది?

వదిన


మార్చి 14

వదినకి,

గేటు తీసిందట! గేటుకి చేతులున్నాయా? ఎవరో పెడితేనే కదా ఉంది. మా ఆఫీసులో కూడా ఇంతే, పని కాకపోతే "కంప్యూటరు తీసుకోవడం లేదండీ" అంటారు. ఆ మాట నేనే రోజుకి ఎన్నిసార్లు అంటానో నాకు తెలుసు కాబట్టి, నా దగ్గర ఆ పప్పులుడకవు.

సరే, పుళ్ళ గురించి అడిగిన ఆ తల్లి సంగతి విని నాకూ బాధేసింది. ముడిపెట్టడం మంచి పనే, కాదనను. కానీ పారేసేటప్పుడు "పారేశాం, ఇందుకు పారేశాం" అని చెప్పొచ్చుగా? తలుపు కొట్టిన మనిషికి లోపల ఎవరూ లేరో, ఉండీ తియ్యడం లేదో తెలియాలి కదా.

రాలేదన్నావు. వస్తే ఆ ఇంట్లో నేను చుట్టంలా కూర్చోవాలి. నేను అన్నయ్యకి మంచినీళ్ళ గ్లాసు అందించబోతే, "అలా కాదు, ఎడమ చేతికివ్వు" అంటావు. దిండు సర్దితే మళ్ళీ నువ్వొచ్చి సర్దుతావు. అందుకని రాలేదు. మనసులో పెట్టుకోవడం నాకు చేతకాదు, చెప్పేశాను.

ఇప్పుడు అసలు సంగతి. నీ గేటులో చేరనన్న భూగోళం మాస్టారు బ్లాగు చూశాను. అక్కడ అన్నీ ఉంటాయి, చిన్నవీ పెద్దవీ. ఆయన కూడా నీ లేసుల కథ గురించి రాసి మెచ్చుకున్నారు. దాని కింద ఒకడు తగలడ్డాడు. పేరు "ఎల్ బోర్డు". వాడు రాసింది చూడు: "లేసులు నేనే." దాని కింద మళ్ళీ "నేనే." ఇంకోచోట నీ రాత గురించి మాట్లాడుతుంటే "అబద్ధం" అన్నాడు.

అర్థమైందా? డ్రైవింగ్ మాస్టారు మంచాన పడ్డాడని తెలిసిన వెధవ ఎవడో, ఎల్ బోర్డు అని పేరు పెట్టుకుని, అన్నయ్యలాగా నటిస్తూ ఎగతాళి చేస్తున్నాడు. నా కామెంటు తుడిచేసిన మీ గేటు ఇలాంటివాణ్ణి పట్టుకోదేం? పరీక్షలో ఫెయిలైన పాత శిష్యుడెవడో అయ్యుంటాడు. వాడెవడో కనుక్కో. నువ్వు కనుక్కోకపోతే నేనే కనుక్కుంటాను. అన్నయ్యని ఎవడైనా వెక్కిరిస్తే నేను ఊరుకోను.

పేచీ


మార్చి 20

పేచీకి,

నటన బాగుంది. కానీ నేను నీతో కలిసి బతికినదాన్ని, నాకు తెలీదా?

మాస్టారు గేటులో లేరు కాబట్టి ఆయన బ్లాగు చూడడం మానేశాను. నీ ఉత్తరం చూసి వెళ్ళాను. ఎల్ బోర్డు రాసినవన్నీ చదివాను. "ఆకుపచ్చ తువ్వాలు గరుకు" అని ఒకటి ఉంది. మా ఇంట్లో ఆకుపచ్చ తువ్వాలుందని పాత శిష్యుడికి ఎలా తెలుసు? నేను ఎక్కడా రాయలేదు. "టీలో చక్కెర తక్కువ" అని ఇంకోటి. మా ఇంటి టీ తాగినవాళ్ళు ఎవరు? చక్కెర తక్కువైందని కప్పు కిందపెట్టేసినవాళ్ళు ఎవరు? పోయిన ఏడాది హాల్లో, ఆ నీలం సోఫా మీద కూర్చుని?

నువ్వే. నీ పేరుతో రాస్తే గేటు ఆపేసిందని దొంగపేరుతో గేటు లేనిచోట దూరావు. పైగా వాడెవడో కనుక్కోమని నాకే పురమాయించావు. మీ అన్నయ్య నోట మాటలు పెట్టి, నేను అబద్ధాలు రాస్తున్నానని నలుగురిలో నన్ను నిలబెట్టావు. కోపం ఉంటే ముఖం మీద తిట్టు. ఇన్నాళ్ళూ నువ్వు చేసింది అదే, దాన్ని నేను ఎప్పుడూ తప్పు పట్టలేదు. కానీ రోగిష్టి మనిషి గొంతు అరువు తెచ్చుకుని తిట్టడం మాత్రం చాలా నీచం.

మాస్టారికి నీ పేరు చెప్పబోయి ఆగాను. ముందు రుజువు పట్టుకుంటాను. మా చెత్తబుట్ట ఇంతవరకు ఎవరమూ తెరవలేదు. అందులో పారేసినవన్నీ ఏ వేళకి వచ్చాయో సహా ఉంటాయట. మందుల షాపావిడని తాళం అడిగాను. నా బ్లాగుకి కూడా నువ్వు ఈ పేరుతో పంపే ఉంటావు. అవి బయటికి తీశాక అప్పుడు మాట్లాడదాం.

వదిన


మార్చి 24

వదినా,

తెరువు! ఇవాళే తెరువు! అంతా బయటికి పొయ్యి!

నేను మూడు మాటల్లో ఆగానా ఎప్పుడైనా? పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారైనా? నన్ను దొంగ అను, గయ్యాళి అను, పడతాను. మితభాషి అంటే మాత్రం ఎవరూ నమ్మరు.

నీ టీలో చక్కెర తక్కువన్నది నిజం. ఆ మాట నీ ముఖం మీదే అన్నాను, దానికి దొంగపేరు ఎందుకు నాకు? వేళలు చూడు. పగలంతా నేను కౌంటరులో ఉంటాను, నా ముందు గుమ్మం దాకా క్యూ ఉంటుంది, పక్క సీటు ఆవిడ సాక్షి. ఒక్క కామెంటైనా నేను రాశానని తేలితే మీ గడప తొక్కను. తేలకపోతే నువ్వు నాకు చెప్పాల్సిన మాట ఒకటుంటుంది, అది రాసి పంపు. అంతవరకు నాకు ఉత్తరం రాయకు.

పేచీ


ఏప్రిల్ 2

పేచీ,

తెరిచాను.

నువ్వు అడిగిన మాట ముందు చెప్పేస్తాను, నిన్ను అనరాని మాటలన్నాను, తప్పు నాదే. మిగతాది చదువు. చదివాక నన్ను ఏమన్నా సరే, పడతాను.

చెత్తబుట్టలో నా బ్లాగుకి వచ్చినవాటిలో ఎక్కువ భాగం "సూపర్", "దేవత" లాంటివే. వాటి మధ్యలో ఎల్ బోర్డు. ఒకటీ రెండూ కాదు, శీతాకాలం నుంచి. అన్నీ మూడు మాటల లోపే. అందుకని అన్నీ పోయాయి, ఒక్కటి కూడా నాకు చేరలేదు. వచ్చిన వేళలన్నీ నేను ల్యాబులో ఉండే వేళలు. నువ్వు కౌంటరులో ఉండే వేళలు. ఆయా వంటింట్లో ఉండే వేళలు.

రోజూ సాయంత్రం నేను పాటలు పెడితే ఆయన ముఖం వెలిగిపోతుందని రాశాను. దాని కింద: "పాటలు వద్దు." ఇప్పుడు ఆయన నాకు పసిపిల్లాడని రాశాను. దాని కింద: "పిల్లాణ్ణి కాదు." బూట్ల దాని కింద "లేసులు నేనే" అని వరసగా, రోజు మార్చి రోజు. దేవుడి దయవల్ల నొప్పులేమీ లేవని రాశాను. దాని కింద: "కుడి భుజం నొప్పి." పేచీ, ఆ భుజం కిందే చెయ్యి వేసి నేను రోజూ ఆయన్ని మంచం మీంచి లేపుతున్నాను.

మాటలు నేర్పే డాక్టరమ్మ ఆయనకి ఒక ట్యాబు ఇచ్చింది, ఎప్పుడో ఫోన్లో చెప్పానుగా. బొమ్మ చూసి పేరు కొట్టే అభ్యాసానికి. ఒకటి రెండు మాటలు కలిపి కొట్టడం వచ్చిందని ఆవిడ చెప్పింది కూడా. నేను సంతోషించి దాని మీద ఒక పోస్టు రాశాను. ఆ రెండు మాటలతో ఆయన ఏం చేస్తున్నారో చూడాలన్న ఆలోచన మాత్రం నాకు రాలేదు.

ఇంటికి వెళ్ళాను. చెప్పులు కూడా విప్పలేదు. గదిలోకి వెళ్ళి అడిగాను, "ఎల్ బోర్డు మీరేనా?" అని. నవ్వారు. ఏడాదిలో అంత నవ్వు చూడలేదు. నాకేమో ఎక్కళ్ళేని కోపం వచ్చింది. "ఊరందరి బ్లాగుల్లోకి వెళ్ళి రాస్తారా? పక్క గదిలో ఉన్న పెళ్ళానికి చెప్పలేరా?" అని అరిచాను. ఆయన ట్యాబు దగ్గరికి లాక్కుని, ఎడమ చేత్తో ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ కొట్టారు. నేను నిలబడే ఉన్నాను.

"చెప్పా."

తర్వాత ఇంకోటి. "చాలాసార్లు."

నిజమే, చెప్పారు. లేసు పట్టుకుంటే కాలు వెనక్కి లాక్కునేవారు. అది నరాల బలహీనత అనుకున్నాను. దాని మీద కూడా ఒక పోస్టు రాశాను. జనం ఓదార్చారు.

ఆ బుట్టలో అడుగున ఒకటుంది. ప్లాస్టరు పొడి వల్ల దగ్గు తగ్గడం లేదని నేను ఎప్పుడో మధ్యలో ఒక్క వాక్యం రాశాను. ఎవరూ పట్టించుకోలేదు, అందరూ ఆయన ఎలా ఉన్నారనే అడిగారు. ఎల్ బోర్డు మాత్రం "మాస్కు పెట్టుకో" అన్నారు. అదీ చెత్తలోనే ఉంది.

వదిన


ఏప్రిల్ 7

వదినా,

కౌంటరులో కూర్చుని చదివాను. ముందు నిలబడ్డ పెద్దాయన తన ఫిర్యాదు పక్కన పెట్టి, "ఏమైందమ్మా, కాసేపాగి రానా?" అని అడిగాడు. నా కౌంటరులో అలాంటి మాట ఎవరూ అనగా వినలేదు.

నేను కూడా తక్కువదాన్ని కాదు. అన్నయ్య రాసింది చూసి "వెధవ" అన్నాను, అన్నయ్యనే! ఎగతాళి చేస్తున్నాడన్నాను. సొంత అన్నయ్య రెండు మాటలు నేను గుర్తుపట్టలేదు, నువ్వు అవి నావే అనుకున్నావు. ఆయనవి కావచ్చని మనిద్దరికీ తట్టలేదు. మనిద్దరం ఆయన కోసమే కొట్టుకుంటున్నామని అనుకుంటూ ఉన్నాం, చూడు.

ఏడవడం అయింది. ఇప్పుడు నాకు కోపంగా ఉంది, నీ మీద కాదు. ఆ నాలుగు మాటల లెక్క మీద. ఎవరి ఇళ్ళల్లో మాట పోయినవాళ్ళున్నారో వాళ్ళే కూర్చుని, తక్కువ మాట్లాడేవాళ్ళని బయటికి నెట్టే గేటు కట్టారు! ఒక్కరికి తోచలేదా? ఆ మందుల షాపావిడ తల్లి ఎన్ని మాటలు మాట్లాడుతుందట? బేకరీ ఆయన తమ్ముడు?

భుజానికి వైద్యం మొదలుపెట్టావా? అది ముందు. ఆ తర్వాత వెళ్ళి వాళ్ళతో పోట్లాడు. ఎలాగో నేను చెప్తాను, అందులో నాకు అనుభవం ఉంది. ఒకటి, ఏదీ చెప్పకుండా పారెయ్యకూడదు. ఆపితే ఆపామని, ఎందుకు ఆపామో రాసినవాడికి చెప్పాలి. నెమ్మదిగా రాసేవాడికి తన మాట చేరిందో లేదో తెలియక మళ్ళీ మళ్ళీ కొట్టుకోవడం ఎంత కష్టమో అన్నయ్యని చూస్తే తెలుస్తోంది. ఇంకా ముఖ్యం, ఎవరి గురించి రాశారో ఆ మనిషి మాట అన్నిటికన్నా పైన ఉండాలి. మీరు ముడిపెట్టిన బ్లాగులన్నిట్లోనూ. ఒక్క మాటైనా సరే, అరమాటైనా సరే. పొగిడేవాళ్ళు కిందికి జరగాలి.

ఒప్పుకోకపోతే నా పేరు చెప్పు. నేనొచ్చి కూర్చుంటాను వాళ్ళ ముందు.

పేచీ


ఏప్రిల్ 19

పేచీకి,

భుజానికి రోజూ కాపడం పెడుతున్నారు. తగ్గుతోంది. ఇప్పుడు అటువైపు నుంచి లేపడం లేదు.

నీ పేరు చెప్పాల్సిన అవసరం రాలేదు, నీ గొంతే నాకు వచ్చేసింది. అందరం వీడియో కాల్లో కూర్చుని మాట్లాడుకున్నాం. మందుల షాపావిడ మొదటే లేచింది. "మీ ఇంటి గొడవకి మా అందరి బ్లాగులూ మార్చాలా? మళ్ళీ ఆ సూపర్ల వరద ఎవరు తోడుతారు?" అంది. నేను ఆవిణ్ణి బుట్ట తెరవమన్నాను. "మీ అమ్మగారి దగ్గర ఫోనుందా?" అని అడిగాను. ఉంది, బొమ్మలు చూడ్డానికి ఇచ్చిందట. ఆవిడ ముఖం మారింది. మర్నాడు నాకు ఫోన్ చేసి "బుట్ట తెరిచాను" అని పెట్టేసింది. బుట్టలో ఏం దొరికిందో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఆ సాయంత్రానికి ఆ నాలుగు మాటల లెక్క తీసేసింది. ఇప్పుడు గేటు ఏదైనా ఆపితే ఆపామని, ఎందుకో కూడా చెప్తుంది. ఎవరి గురించి రాశామో వాళ్ళ మాట పైన, రంగు వేరుగా, అన్ని బ్లాగుల్లోనూ కనబడుతుంది. భూగోళం మాస్టారు కూడా ఒప్పుకుని కలిశారు.

నేను చాలా పొంగిపోయాను. మీ అన్నయ్యకి చూపించాను. "ఇక మీరు ఏం రాసినా అందరికీ మొదట అదే కనబడుతుంది, రాయండి" అన్నాను. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. ల్యాబులో అందరి ముందూ తెరిచి చూశాను.

"చాలు. ఆపు."

ఇప్పుడు అది నా బ్లాగు నెత్తి మీద ఉంది. నా ఒక్కదాంట్లోనే కాదు, అన్ని బ్లాగుల్లోనూ ఉంది. వేలమంది చదివారు. నిన్నటిదాకా దేవత అన్నవాళ్ళే ఈరోజు "పాపం ఆయన్ని హింసపెట్టింది" అంటున్నారు. దీని కోసమేనా నేను వాళ్ళందరితో తగువు పెట్టుకుంది? నా చేతులతో నేనే ఆయనకి మైకు ఇచ్చి, నన్ను తిట్టించుకున్నాను. మళ్ళీ ఆ మనిషికే సూపు కలిపిచ్చాను, తాగారు.

ఆపేస్తాను. ఆయన మాట పైన ఉండాలని గొంతు చించుకున్నదాన్ని నేనే కాబట్టి ఆపక తప్పదు. కానీ ఆ తర్వాత నేనెవరితో మాట్లాడను? ఈ ఇంట్లో మాట పోయింది ఆయనకి ఒక్కరికే అనుకున్నారా అందరూ?

వదిన


ఏప్రిల్ 24

వదినా,

ఆపకు.

నేను అన్నయ్య పక్షమే, చచ్చేదాకా అటే. కానీ ఈసారి అన్నయ్య కూడా నా చేత చివాట్లు తిన్నాడు. ఆయనకి విడిగా రాశాను, నీకు చూపిస్తాడో లేదో. ఆయన గురించి ఆపమనే హక్కు ఆయనకి ఉంది, ఆ కాలు ఆయనది, ఆ భుజం ఆయనది. నీ నోరు ఆయనది కాదు.

నీ బ్లాగు మొదటి నుంచి మళ్ళీ చదివాను. నువ్వు అందులో లేవు వదినా. అన్నయ్య తిన్నది, అన్నయ్య పడుకున్నది, అన్నయ్య నవ్వింది. నువ్వు కనబడేది ఆయన పక్కన నిలబడి కళ్ళు తుడుచుకోడానికే. నీ దగ్గు గురించి ఒక్క వాక్యం, అదీ మధ్యలో ఇరికించావు. ల్యాబు గురించి ఒక్క ముక్క లేదు. నాకు ఉత్తరాల్లో రాసే ఈ కోపం అక్కడ ఎక్కడా లేదు. నాకు రాసే ఈ మనిషి చాలా బాగుంది. ఆవిణ్ణి ఎందుకు దాచిపెట్టావు? దేవతలకి కోపం రాకూడదనా?

ఆయన్ని వదిలెయ్యి. నీ గురించి రాయి. అప్పుడు పైన కూర్చునే హక్కు నీదే. ఎవడు ఆపమంటాడో నేనూ చూస్తాను. వచ్చే ఆదివారం వస్తున్నాను. నేను దిండు సర్దితే చచ్చినట్టు చూస్తూ ఊరుకోవాలి.

పేచీ


మే 6

పేచీకి,

నువ్వు వెళ్ళిన మర్నాడు రాశాను. పొగిడించుకోవడానికి కాదు. కోపంతోనే రాశాను, అందుకేనేమో తొందరగా అయిపోయింది.

నేను దేవతని కానని రాశాను. కొన్ని సాయంత్రాలు ల్యాబు నుంచి బయటికొచ్చి బస్సు ఎక్కకుండా వదిలేస్తానని, తర్వాతది కూడా వదిలేస్తానని రాశాను. స్టాపులో ఎవరూ నన్ను ఏమీ అడగకుండా కూర్చున్న ఆ కాసేపే ఆ రోజు మొత్తంలో నాదని. నాతో రోజంతా గొడవపడే మనిషి ఒక్క పూటలో మాయమైపోతే, అందరూ వచ్చి "ధైర్యంగా ఉండు" అన్నారు గానీ, నేను ఎవరితో గొడవపడాలో ఎవరూ చెప్పలేదని. ఆయన మీద నాకు కోపంగా ఉందని. రోగం తెచ్చుకున్నందుకు కాదు, నన్ను ఇంత ఒంటరిగా వదిలేసినందుకు. అలా అనుకోకూడదని తెలిసినా అనుకుంటానని రాశాను.

పంపాక భయమేసింది. ఆయన చదువుతారు కదా. ఆయన గురించి రాయొద్దన్నారు, ఇందులో ఆయన ఉండనే ఉన్నారు. పైన మళ్ళీ ఆ "ఆపు" వచ్చి పడితే ఈసారి నిజంగానే మూసేద్దామనుకున్నాను. ల్యాబులో చేతిలో ఉన్న పళ్ళ సెట్టు రెండుసార్లు తప్పు అరగదీశాను.

జనం చాలా రాశారు. కొందరు ఛీ అన్నారు. భార్యలు కొందరు "నేను కూడా" అని రాసి పేరు చెప్పుకోలేదు. మందుల షాపావిడ తన బస్సు స్టాపు గురించి ఇంత పొడుగు రాసింది. నేను అవన్నీ దాటుకుంటూ ఎల్ బోర్డు కోసం వెతికాను. ఇది నా గురించిన పోస్టు కదా, అందుకని ఆయన మాట పైన లేదు. అందరితో పాటు వరసలో, కింద ఎక్కడో ఉంది.

"తెలుసు. తర్వాత?"

ల్యాబులో అందరూ చూస్తుండగా ఏడ్చాను, మాస్కు తడిసిపోయింది. పెళ్ళయినప్పటి నుంచీ సాయంత్రం నేను ఏదో చెప్తూ ఉంటే, కాఫీ కలుపుతూ మధ్యలో ఆయన అనే మాట అదే. ఏడాదిగా ఎవరూ నన్ను ఆ మాట అడగలేదు.

ఇంటికొచ్చాను. ఈ ఉత్తరం వంటింటి బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను. ఆయన అవతల కుర్చీలో ట్యాబు ఒళ్ళో పెట్టుకుని నావంక చూస్తున్నారు, విసుగ్గా. నీకు ఇంత పొడుగు రాస్తున్నాను గానీ ఆయన అడిగినదానికి ఇంకా ఏమీ చెప్పలేదని. ఇక ఆపుతాను, ఆయనకి జవాబు చెప్పాలి.

వదిన